జీతం లేని ఢిల్లీ వేసవి

వేసవి సెలవులొస్తే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో, ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ ఇంటర్న్‌షిప్‌కు బయల్దేరే విద్యార్థులు కనిపిస్తారు. నల్సార్ నుంచో, విశాఖ న్యాయ విశ్వవిద్యాలయం నుంచో వెళ్లేవారికి సుప్రీంకోర్టు. ఆర్థికశాస్త్రం చదివేవారికి నీతి ఆయోగ్. అక్కడ నేర్చుకునేది నిజంగానే పుస్తకాల్లో దొరకదు. ఒక ఫైలు ఎందుకు కదలదో, అయిదు నిమిషాల వాదన వెనుక ఎన్ని రాత్రుల చదువు ఉంటుందో దగ్గరుండి చూడాల్సిందే.

చిక్కల్లా ఖర్చుతోనే. నీతి ఆయోగ్ ఇంటర్న్‌లకు భృతి ఇవ్వదు. ల్యాప్‌టాప్ కూడా ఎవరిది వారే తెచ్చుకోవాలి. న్యాయవాదుల ఛాంబర్లలో చాలాచోట్ల దక్కేది సర్టిఫికెట్టే. గది అద్దె, మెట్రో ఛార్జీ మాత్రం తప్పవు. ఏపీ భవన్ క్యాంటీన్‌లో మన పప్పన్నం దొరకడం ఒక ఊరట, అదీ ఉచితం కాదు. తండ్రి జేబు బరువును బట్టి అవకాశం దక్కితే దాన్ని ప్రతిభ అనడం ఎలా?

విదేశాంగ శాఖ తన ఇంటర్న్‌లకు నెలకు 10,000 రూపాయలతో పాటు సొంత రాష్ట్రం నుంచి విమాన ఛార్జీ కూడా ఇచ్చే విధానం పెట్టుకుంది. అమెరికా వైట్‌హౌస్ సైతం ఎన్నో ఏళ్లు ఊరికే పని చేయించుకుని, 2022లో డబ్బివ్వడం మొదలుపెట్టింది. దేశానికి విధానాలు సూచించే నీతి ఆయోగ్‌కు ఈపాటి ఖర్చు బరువంటే నమ్మడం కష్టం.