ఆన్‌లైన్‌ పిహెచ్‌.డి. విరమణలు: దోషం ఎవరిది?

ఆన్‌లైన్‌ పిహెచ్‌.డి.లో చేరినవారు నడుమనే మానుకొంటే, అందుకు కారణం వారి పట్టుదల లేమి అని తేల్చివేయడం విద్యారంగంలో పరిపాటి అయింది. ఈ నిర్ణయం పరిశీలనకు నిలవదు.

మొదట చూడవలసింది ఆ చదువుకున్న ప్రతిపత్తిని. విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్‌ కంపెనీలు నడిపే ఆన్‌లైన్‌ పిహెచ్‌.డి.లకు గుర్తింపు లేదని యు.జి.సి., ఏ.ఐ.సి.టి.ఇ.లు 2022 అక్టోబరులో ఉమ్మడిగా హెచ్చరించాయి. నవంబరులో వెలువడిన యు.జి.సి. నిబంధనలు దూరవిద్య, ఆన్‌లైన్‌ విధానాల్లో పిహెచ్‌.డి. నిర్వహించరాదన్నాయి. చెల్లని పట్టాకు రుసుము కడుతున్నామని గ్రహించి వెనుదిరిగినవారిని ఓడిపోయినవారిగా లెక్కించడం అన్యాయం.

అయినా విద్యార్థులు అటువైపు ఎందుకు మొగ్గుతున్నారు? సమాధానం ముస్తాబాద్‌ వంటి మండలాల్లో దొరుకుతుంది. పూర్తికాల పరిశోధనకు ఊరూ ఉపాధీ రెండూ విడవాలి. అవే నిబంధనలు పార్ట్‌టైం పరిశోధనను అనుమతించాయి గాని, పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తెమ్మన్నాయి. ప్రభుత్వోపాధ్యాయుడికి అది సాధ్యమే. సిరిసిల్లలో పన్నెండు గంటల పాళీల్లో సాంచాలు నడిపే ఇంటి నుంచి వచ్చి, తానూ ఆ పనిలోనే ఉన్న ఎం.ఏ. పట్టభద్రుడికి ఆ పత్రం ఏ ఆసామి రాసివ్వాలి?

సంకల్పముంటే మార్గముంటుందనేవారు సినారెను ఉదాహరిస్తారు. ఆయన ఈ ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టి, ఉస్మానియాలో డాక్టరేటు పొంది, సార్వత్రిక విశ్వవిద్యాలయ ఉపకులపతి అయిన మాట నిజం. కాని ఆయన పరిశోధన సాగినది హైదరాబాదులో, కళాశాల అధ్యాపకుడిగా ఉంటూ. ప్రతిభతో పాటు గ్రంథాలయం, గురుసాన్నిధ్యం, జీతం ఆయనకు అందుబాటులో ఉన్నాయి. ఆ ఉదాహరణ నిరూపించేది వసతుల ఆవశ్యకతనే.

పరిశోధనకు ప్రత్యక్ష మార్గదర్శనం తప్పనిసరి అన్న వాదం అంగీకార్యమే. అయితే ఆ నియమం విశ్వవిద్యాలయాలకూ వర్తించాలి. ప్రతి సెమిస్టరులో పరిశోధకుడు సలహా సంఘం ఎదుట ప్రగతిని నివేదించాలి. అది సంతకాల తంతుగా మారినచోట పార్ట్‌టైం పరిశోధకుడి ఒంటరితనం ఆన్‌లైన్‌ విద్యార్థి ఒంటరితనానికి ఏమాత్రం తీసిపోదు. అధ్యాయం పంపి నెలల తరబడి బదులు కోసం ఎదురుచూసినవాడు క్రమంగా రాయడం మానేస్తాడు.

ఆన్‌లైన్‌ పట్టాను నిషేధించడంతో బాధ్యత తీరదు. అసంఘటిత కార్మికుడికి నిరభ్యంతర పత్రానికి బదులు స్వీయ ధ్రువీకరణ చాలనాలి. పర్యవేక్షకుడు నెలకొకసారి ముఖాముఖి కలవాలి. సిద్ధాంత గ్రంథాల ప్రతులు జిల్లా గ్రంథాలయాలకు చేరాలి. ఇవి సమకూర్చనంత కాలం విద్యార్థి పట్టుదలను ప్రశ్నించే అర్హత విశ్వవిద్యాలయాలకు లేదు.