మండలి అభ్యంతరం కాగితం మీద ఏది?

శాసనమండలి బిల్లును ఆపేయగలదని మా వీధి అరుగు మీద ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. ఆపలేదు, ఆలస్యం చేయగలదు, అంతే. రాజ్యాంగం 197వ అధికరణ ప్రకారం మొదటిసారి మూడు నెలలు, శాసనసభ రెండోసారి పంపితే ఒక నెల. ద్రవ్య బిల్లుకైతే 14 రోజులే. పార్లమెంటులోలా ఉభయసభలూ కలిసి కూర్చుని తేల్చుకునే ఏర్పాటు రాష్ట్రాల్లో లేదు. ఆ గడువులో శాసనసభకు ఏం రాసి పంపిందన్నదే మండలి బలం.

2020 జనవరిలో మన ఆంధ్రప్రదేశ్‌లో మూడు రాజధానుల బిల్లు, సీఆర్డీఏ రద్దు బిల్లు మండలికొచ్చాయి. అప్పటి ఛైర్మన్ షరీఫ్ గారు మా నరసాపురం మనిషి. 22న 154వ నిబంధన కింద విచక్షణాధికారంతో రెండింటినీ సెలెక్ట్ కమిటీకి పంపారు. 27న శాసనసభ ఏకంగా మండలినే రద్దు చేయాలని 133–0తో తీర్మానించింది. ఇక కమిటీ సంగతంటారా, నిబంధనలు ఒప్పుకోవంటూ మండలి కార్యదర్శే ఫైలు వెనక్కి పంపారు. హెడ్ క్లర్కుగా రిటైరైన నాకు ఇది నేటికీ మింగుడుపడదు. నోట్‌ఫైల్లో అభ్యంతరం నేనూ రాసేవాణ్ణి. ఆఫీసరు దాని కింద ఆర్డరు రాసి సంతకం పెట్టాక మాత్రం ఫెయిర్ కాపీ తీసి తపాల్లో వేయాల్సిందే.

అలాగని మండలిని వెనకేసుకు రాను. శాసనసభ రెండోసారి పంపిన ఆ బిల్లులు జూన్ 17న మళ్లీ వస్తే చర్చకే రాకుండా సభ నిరవధికంగా వాయిదా పడింది. ద్రవ్య వినిమయ బిల్లూ అక్కడే చిక్కుకుని, 14 రోజుల గడువు తీరక జూలై ఒకటిన పడాల్సిన జీతాలు ఆగాయి. నెల గడువు దాటాక జూలై 31న రాజధాని బిల్లుల మీద గవర్నరు సంతకం అయిపోయింది. ఇంత రభసలో ఫలానా క్లాజు ఇలా మార్చండని ఒక్క సవరణైనా మండలి నుంచి శాసనసభకు వెళ్లలేదు! 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాలనూ, మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కి తీసుకోవడం వేరే కథ.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి పట్టభద్రులం ఊదారంగు స్కెచ్ పెన్నుతో అంకెలు వేసి ఎమ్మెల్సీని ఎన్నుకున్నాం. ఆ సభ్యుడు శాసనసభకు ఏం రాసి పంపారో చూడాలన్న ఆశ తప్పా? బిల్లు తిప్పి పంపితే కారణాలు క్లాజుల వారీగా రాయాలి, శాసనసభ రెండోసారి ఓటేసే ముందు వాటిని సభలో చదివించాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 208వ అధికరణ కింద ఏ సభ నిబంధనలు ఆ సభే మార్చుకోవచ్చు. ఇప్పటి ఛైర్మన్ మోషేన్‌రాజు గారూ మా పశ్చిమగోదావరి వారే. మండలి వైపు నుంచి ఆయన మొదలుపెట్టొచ్చు.