చిన్న బల్ల - పెద్ద ఆట

టెలివిజన్‌లో స్నూకర్ చూచి నేర్వగోరు పల్లెటూరి విద్యార్థికి, 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల బల్ల లేనిదే ఆ ఆట రాదని పెద్దలు చెప్పుచుందురు. తనకల్లు వంటి ఊర అంతటి బల్ల ఏ ఇంటి గదిలోను పట్టదు. అంతమాత్రమున ఆట అందనిదనుట పొరపాటు.

1875లో జబల్‌పూర్ సైనికాధికారుల నడుమ పుట్టినదని చెప్పబడు ఈ క్రీడలో బంతిని పాకెట్టులో వేయుట సగము పనియే. ఎర్రబంతికి 1 పాయింటు, దాని వెనుక వేయు నల్లబంతికి 7. కావున తెల్లబంతి ఎచట ఆగవలెనో ముందే యోచింపవలెను. తనకల్లు రైతు కాయలు అమ్మకముందే విత్తనపు వేరుసెనగను వేరుచేయునట్లు, ఆటగాడు ఈ దెబ్బలోనే రాబోవు దెబ్బను దాచుకొనవలెను. అవకాశము లేనప్పుడు ప్రత్యర్థికి దెబ్బ అందని చోట తెల్లబంతిని నిలుపుటయు వివేకమే.

ఈ ముందుచూపునకు 6 అడుగుల బల్ల చాలును. పొడవు వెడల్పునకు రెట్టింపుగా ఉన్నంతవరకు కోణములు మారవు. అయితే దూరము తగ్గుటచే గురిలోని దోషము అంతగా బయటపడదు; దానిని పెద్ద బల్లయే దిద్దవలెను. కావున ఉపాధ్యాయులు చిన్న బల్లను కాలక్షేపమని త్రోసిపుచ్చరాదు. విద్యార్థులు దానిపై గెలుపునే ప్రావీణ్యమని భ్రమింపరాదు.