నోట నిలిచిన వాఙ్మయము

ఒక జాతికి గ్రంథములు లేవనుట వేఱు. వాఙ్మయము లేదనుట వేఱు. ఈ భేదమును మఱచుట పరిపాలకజాతులకు సహజమైన దోషము. ఫిలిప్పైను ద్వీపములకు నాగరికతను స్పెయినువారే కొనిపోయిరనియు, అంతకుముం దచ్చట సారస్వతమే లేదనియు పెక్కుమంది చిరకాలము నమ్మిరి. ఈ నమ్మకము సాక్ష్యమునకు నిలువదు.

1565లో లెగాస్పీ సేబూ ద్వీపమున స్పానిషు వలసను స్థాపించెను. 1571లో మనిలా వారి వశమయ్యెను. అప్పటికే టగాలుజనులకు బైబాయిను అను లిపి గలదు. 1593లో మనిలాలో అచ్చుపడిన క్రైస్తవమతబోధ రోమనులిపితోపాటు ఈ లిపిలోను వెలువడినది. ఆ ప్రజలలో చదువను వ్రాయను నేరనివారు మిక్కిలి యరుదని చిరీనో యను మతగురువే 1604లో వ్రాసెను. ఇంతకంటె పూర్వపుసాక్ష్యము మఱియొకటి గలదు. లగూనా ప్రాంతమున 1989లో దొరకిన రాగిఱేకుమీఁది ఋణవిమోచనపత్రము శకవర్షము 822, అనగా క్రీ. శ. 900 నాఁటిది. దాని ప్రాచీన మలయభాషలో సంస్కృతపదములు గలవు. శకవర్షములతో కాలము గణించు మనకు ఆ ఱేకు పరాయిది కాదు.

అయినను వారు తమ కవిత్వమును ప్రధానముగా నోటనే నిలిపికొనిరి. పొడుపుకథలు, సామెతలు, పాదమునకు ఏడక్షరముల చొప్పున నాలుగుపాదముల తనగా పద్యములు వారి నిత్యవ్యవహారములోనివి. 1754 నాఁటి నోసెడా, సన్ లూకారుల టగాలు నిఘంటువున ఇట్టి పద్యములు చేరినవి. ఆ మతగురువుల మేలును ఒప్పుకొనవలసినదే. కాని పూర్వగానములను కాపాడిన బబైలానులను, అనగా పూజారిణులను, దయ్యముల సేవకురాండ్రని నిందించి అణఁచినవారును మతగురువులే.

ఫలిత మేమి? స్పానిషు పరిపాలన పూర్తిగా పాతుకొనని చోటులనే మహాగాథలు నిండుగా మిగిలినవి. ఉత్తర లూజోను కొండలలో ఇఫుగావోలు వరినాట్లకు, కోఁతలకు, మృతులకడ జాగరమునకు హుధుద్ గానము చేయుదురు. వృద్ధురాలైన గాయని ముందు పాడగా తక్కినవారు అందుకొందురు. ఇట్టి గాథలు 200కు పైగా గలవు. సంపూర్ణగానమునకు దినములు పట్టును. దక్షిణమున లనావో సరస్సు తీరపు ముస్లిములగు మరనావోల దరాంగెను 17 భాగములు, 72,000 పాదములు గలది. ఆ మరనావోలకడనే రావణకథయగు మహారాడియా లావన 1968లో ఫ్రాన్సిస్కో పండితునికి లభించినది. స్పెయినువారి యేలుబడి 1898 దాఁక సాగిన మైదానములందో, ఇలోకోల లామ్-అంగ్ వంటివి కొన్నియే నిలిచినవి. అందును క్రైస్తవాచారములు చొచ్చినవి. కొఱఁత ప్రజల ప్రతిభలో లేదు; గాయకుని కాదరము తొలఁగుటలో నున్నది.

నేఁడు ఆ కొండలకును ఆపద వచ్చినది. మతము మాఱి, యంత్రము పొలములోని కడుగిడినకొలఁది హుధుద్ పాడవలసిన సందర్భములే తఱుగుచున్నవి. పాట తెలిసినవారు కొలఁదిమంది వృద్ధులు. యునెస్కో దానిని 2001లో మానవజాతి విశిష్టసంపదగా ప్రకటించి, 2008లో పట్టికలో చేర్చినది. గౌరవము మంచిదే, కాని పట్టిక పాడదు, యంత్రములో భద్రపఱచిన కంఠము శిష్యుని తప్పు దిద్దదు. ఫిలిప్పైను ప్రభుత్వము 1992లో చేసిన చట్టము ఇంతకంటె సరియైన త్రోవ పట్టినది. అది జానపదకళాకారులకు పురస్కారముతోపాటు భృతి నిచ్చి, విద్యను పిన్నలకు నేర్పు భారము నుంచినది. పనై ద్వీపపు గాథాగాయకుఁడు ఫెడెరికో కాబాయెరో 2000లో ఆ గౌరవ మందెను.

ఈ పద్ధతి ఇంకను విరివి కావలెను. ఒక్కొక్క గ్రామమున ఒక్కొక్క గాయనికి జీవిక కల్పించి, పాఠశాలలోని పిల్లలను కోఁతకాలమున ఆమె వెంట పొలమునకు పంపవలెను. వారికి పదములతోపాటు వానిని పాడు సమయమును అచ్చటనే పట్టుబడును. గ్రంథము చెడినను మఱియొక ప్రతి దొరకవచ్చును. శిష్యుఁడు లేని గాయని గతించిన, ఆ ప్రతి మఱి దొరకదు.