చెరువు నాచు, కాలి తిమ్మిరి

షుగరు వ్యాధి ఉన్నవారిలో చాలామంది “పాదాలు మొద్దుబారాయి, దూది మీద నడిచినట్టుంది డాక్టరుగారూ” అంటుంటారు. ఈ బాధ ముందుగా కాలివేళ్ళలోనే ఎందుకు మొదలవుతుంది? చెరువు నాచును చూస్తే కొంత బోధపడుతుంది.

చెరువుల్లో, కుంటల్లో నీటి అడుగున గుబురుగా పెరిగే ‘కారా’ అనే నాచు ఉంది. దాని కాడలో ఒక్కొక్క కణమే కొన్ని సెంటీమీటర్ల పొడవుంటుంది. మైక్రోస్కోపులో చూస్తే అందులోని జీవపదార్థం ఒక పక్క పైకి, మరో పక్క కిందికి ఆగకుండా పారుతుంటుంది. ఇటలీ దేశస్థుడు కోర్తి 1774లోనే దీన్ని వర్ణించాడు. ఈ ప్రవాహాన్ని నడిపేది మయోసిన్ అనే ప్రోటీను. ఆక్టిన్ పోగులే దానికి పట్టాలు, ఏటీపీ అనే పదార్థమే ఇంధనం. అది నడుస్తుంటే చుట్టూ ఉన్న ద్రవం కూడా కదులుతుంది. తనంతట తాను వ్యాపిస్తే ఆరు సెంటీమీటర్లు పోవడానికి వారాలు పట్టే పదార్థం ఈ ప్రవాహంలో సుమారు పది నిమిషాల్లో చేరుతుంది. మన కండరాలను ముడిచేదీ ఈ మయోసిన్ కుటుంబమే.

మన నరాలకూ ఇటువంటి కూలీలే దిక్కు. నడుము నుంచి కాలి బొటనవేలి దాకా సాగే నరపోగు దాదాపు ఒక మీటరు. దానికి కావలసిన సరుకులో ఎక్కువ భాగం వెన్ను దగ్గరున్న కణంలోనే తయారవుతుంది. 1985లో కనుగొన్న కినెసిన్ అనే ప్రోటీను, సన్నని గొట్టాల వంటి పట్టాల మీద ఆ సరుకును మోసుకుపోతుంది. వేగంగా పోయే సరుకు కూడా రోజుకు సుమారు 40 సెంటీమీటర్లే పోతుంది. అంటే పాదం చేరడానికి రెండున్నర రోజులు! ఏళ్ళ తరబడి షుగరు అదుపు తప్పితే నరాలూ, వాటికి రక్తమిచ్చే సన్నని నాళాలూ చెడి, ఈ రవాణా కూడా కుంటుపడుతుంది. కాలువ నీరు తగ్గితే చివరి మడి ముందు ఎండినట్లు, పొడవైన నరాల కొసలు ముందు దెబ్బతింటాయి.

షుగరు తగ్గుతుందని బిళ్ళగన్నేరు ఆకు నమిలేవారు ఒక సంగతి గమనించాలి. క్యాన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్ ఆ మొక్కనుంచి వచ్చినదే. అది నరాలలోని ఆ పట్టాలనే దెబ్బతీస్తుంది, వేళ్ళకు తిమ్మిరి తెస్తుంది. ఆకులో దాని పాలు బహు స్వల్పమే అయినా, మోతాదు తెలియని ఆకును నమ్మి మందులు మానడం మంచిది కాదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో టమాటా తోటల్లో చెప్పులు లేకుండా తిరిగేవారు ఎందరో. స్పర్శ లేని పాదానికి ముల్లు గుచ్చుకున్నా, ఎండకు కాలిన బండ మీద బొబ్బ లేచినా తెలియదు. అందువల్ల షుగరు ఉన్నవారు రోజూ రాత్రి అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి. చూపు ఆనకపోతే ఇంట్లోవాళ్ళను చూడమనండి. చెప్పులు, బూట్లు దులిపి తొడుక్కోండి. వేన్నీళ్ళ వేడిని పాదంతో కాక మోచేతితో పరీక్షించండి. ఆనెలను బ్లేడుతో కోసుకోవద్దు.

తిమ్మిరికి షుగరొక్కటే కారణం కాదు. బి12 విటమిను లోపం, మద్యం, కుష్ఠు కూడా కారణం కావచ్చు. స్పర్శ లేని పాలిపోయిన మచ్చలుంటే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. కుష్ఠుకు మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

పాదం మీద చిన్న పుండు కనిపించినా నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. నొప్పి లేకపోవడమే అక్కడ ప్రమాదం. ఆ రోజే డాక్టరుకు చూపించండి.