విజ్ఞాన సర్వస్వానికి మన వంతు

తన్ను గురించి తాను వ్రాసుకొనని ప్రాంతానికి ఇతరులు వ్రాసినదే చరిత్ర అవుతుంది. ఈ మాటను మన కళాశాల విద్యార్థులు ఆలోచించవలెనని మా కోరిక.

తెలుగువారికి శాస్త్ర విజ్ఞానాన్ని అందించుటకై 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలి వెలసినది. దాని స్థాపకులలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొని, అది పూర్తి కాకుండగనే 1923లో కన్నుమూశారు. అదే నగరంలో 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా, ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినది. మన రెండు భాషలకూ ఇట్టి వారసత్వం ఉన్నది.

ఆనాడు కొద్దిమంది భుజాలపై నడచిన ఆ పనిని నేడు అంతర్జాలంలో వేలమంది పంచుకొంటున్నారు. 2001లో ఆంగ్లంలో ఆరంభమైన వికీపీడియా 2003లో తెలుగుకు, 2004లో ఉర్దూకు వచ్చినది. అందులో వ్రాసేవారికి జీతం లేదు. పుట నెత్తిన పేరు కూడా ఉండదు.

అందులో మన స్థానమేమిటి? సింగరేణి అనగానే దేశానికి బొగ్గు గుర్తుకు వస్తుంది. ఆ పేరు మన పొరుగు గ్రామానిదని ఎందరికి తెలుసును? మండలం పేరు సింగరేణి, దాని కేంద్రం కారేపల్లి, తొలి గనులు ఇల్లందువి. 2016లో ఇల్లందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు పోగా మనం ఖమ్మంలో మిగిలాము. ఈ చిక్కును కొత్తవారికి విప్పి చెప్పవలసినది మనమే కదా! తెలుగు వికీపీడియాలో అనేక గ్రామాల పుటలు 2011 జనగణన అంకెలతోనే నిండి ఉన్నవి. తండాలలోని తీజ్, వేసవిలో తునికాకు కోత, అన్ని కులాలవారూ కూడే పీర్ల పండుగ అంకెలకు అందేవి కావు.

మన విద్యార్థులకు తెలుగు వచ్చును, ఉర్దూ వచ్చును. కొందరి ఇండ్లలో లంబాడీ, కోయ భాషలు వినిపిస్తవి. నిజాం కాలపు ఉర్దూ కాగితాలను చదివి తెలుగులో చెప్పగలవారు నానాటికీ తగ్గిపోతున్నారు. ఆ వంతెన కూలక ముందే మేలుకొనుట మంచిది.

ఎవరైనా దిద్దగల పుటలను నమ్ముట ఎట్లని పెద్దలు ఆక్షేపించవచ్చును. ఆక్షేపణ సబబైనదే. అందుకే అక్కడ ప్రతి విషయానికీ అచ్చయిన ఆధారం చూపవలెను; ఇతరుల రచనను నకలు చేయరాదు; స్వోత్కర్ష పనికిరాదు. తాత చెప్పిన మాట ఒక్కటే చాలదు. అది ముందు విచారణకు నిలిచి అచ్చులోనికి రావలెను. ఈ శిక్షణ పరీక్షలకు ఆటంకం కాదు. ఆధారం లేని మాటను ప్రశ్నించుట నేర్చిన విద్యార్థి చదువులో వెనుకబడడు.

కనుక పదిమంది విద్యార్థినీ విద్యార్థులు ముందుకు రావలెనని కోరుతున్నాము. శనివారం సాయంత్రం రెండు గంటలు చాలును. పాలకవర్గంవారు ఆ వేళ కంప్యూటరు గదిని, గ్రంథాలయాన్ని తెరిచి ఉంచి, ఏటేటా ఈ సంచికలో నాలుగు పుటలు గ్రామ చరిత్రలకు కేటాయించవలెనని మనవి. తొలి యేడు నూరు వ్యాసాలు అక్కరలేదు. మన చుట్టుపట్ల పది గ్రామాల పుటలు తప్పులు లేకుండా, రెండు భాషలలోనూ నిలిచిన చాలును. రేపు ఎక్కడో ఒక విద్యార్థి కారేపల్లి ఎక్కడున్నదని వెదికినపుడు, అతనికి జవాబు మన చేతివ్రాత కావలెను.