సూది పోటు చిన్న ప్రమాదమేనా?

గోదావరి జిల్లాల్లో పేదవాడికి పెద్ద జబ్బు చేస్తే చివరికి చేరేది కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు పెద్దాసుపత్రులకే. లంక గ్రామాల వాళ్లూ, డెల్టా పల్లెల వాళ్లూ, మన్యం నుంచి దిగి వచ్చిన ఆదివాసీలూ ఆ వార్డుల్లోనే కనిపిస్తారు. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి ఉంది. రాజమహేంద్రవరం, ఏలూరుల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2023లో మొదలయ్యాయి. మంచిదే. కానీ పెద్ద ఆసుపత్రి అంటే రోజుకు వేల సూదులు. రోగికి గుచ్చి తీశాక ఆ సూది చివరిగా ఎవరి చేతికి వస్తుంది? ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ.

నిబంధన ప్రకారమైతే వాడిన సూది గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో పడాలి. రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి, ప్లాస్టిక్ గొట్టాలు ఎర్ర సంచిలోకి, గాజు సీసాలు నీలం పెట్టెలోకి వెళ్లాలి. వార్డు కిక్కిరిసినప్పుడు, రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు ఎందరో రోగులను చూసుకోవాల్సి వచ్చినప్పుడు, ఆ తొందరలో సూది ఏ సంచిలోనో పడుతుంది. ఆ సంచిని మూట కట్టి ఎత్తేది స్వీపరమ్మ. పల్చటి రబ్బరు తొడుగు సూదిని ఆపదు. నర్సుకు గుచ్చుకుంటే అది ఏ రోగికి వాడిన సూదో ఆమెకు తెలుస్తుంది. సంచి ఎత్తిన మనిషికి అదీ తెలియదు.

ఆ మనిషి ఎవరో మనకు తెలుసు. కోస్తా పట్టణాల్లో తరతరాలుగా పాకీపని మోసిన రెల్లి కులస్తులు, వాళ్లతోపాటు మాదిగ, మాల పేటల ఆడవాళ్లు. 2025లో ఎస్సీ వర్గీకరణ జరిగినప్పుడు రెల్లి ఉపకులాలకు 1 శాతం వాటా వచ్చింది. ఆ వాటా మీద ఎంతో చర్చ జరిగింది. చీపురు పనిలో వాటా కోసం మాత్రం ఏ కమిషనూ వేయనక్కర్లేకపోయింది. అది పుట్టుకతోనే ఇచ్చేశారు.

నర్సులతో మాకు పేచీ లేదు. డెల్టాలో ఎందరో నర్సులు దళిత క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. సూది పోటు వాళ్లకూ తగులుతుంది. కానీ అది తగిలాక ఇద్దరి దారులూ వేరవుతున్నాయి. మేము మాట్లాడుతున్నది దాని గురించి.

ముందు ప్రమాదం ఎంతో చూద్దాం. టీకా వేయించుకోని మనిషికి హెపటైటిస్ బి ఉన్న రోగి సూది గుచ్చుకుంటే, 100 మందిలో 6 నుంచి 30 మందికి ఆ వైరస్ సోకవచ్చు. హెపటైటిస్ సి అయితే 100లో ఇద్దరికి. హెచ్ఐవీ అయితే 1000లో ముగ్గురికి. మూడోది తక్కువగానే కనిపిస్తుంది. అయితే 2021 అంచనాల్లో దేశమంతటా పెద్దవాళ్లలో హెచ్ఐవీ 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

ఇది ఆపలేని ప్రమాదమూ కాదు. హెపటైటిస్ బికి మూడు డోసుల టీకా ఉంది. పసిపిల్లలకు ఇది సార్వత్రిక టీకాల్లో చేరింది ఇటీవలి కాలంలోనే కాబట్టి, నలభై యాభై ఏళ్ల స్వీపరమ్మకు చిన్నప్పుడు అందలేదు. ఇప్పుడు ఆసుపత్రే వేయాలి. హెచ్ఐవీకి మందులు వీలైతే రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అంటే గుచ్చుకున్న మనిషి నోరు తెరిచి చెప్పాలి, చెప్పగానే వినేవాళ్లు ఉండాలి. చెబితే సూపర్‌వైజర్ తిడతాడేమో, రేపటి నుంచి రావద్దంటాడేమో అని భయపడే మనిషి సబ్బుతో కడుక్కుని ఊరుకుంటుంది. 72 గంటలు గడిచిపోతాయి.

చట్టం ఏమంటోంది? 2016 బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ఆసుపత్రిని నడిపే అధికారి తన సిబ్బందికే కాదు, వ్యర్థాలు ముట్టుకునే ఇతరులందరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. రక్షణ సామగ్రి ఇవ్వాలి. పనిలో చేరినప్పుడూ, ఆ తర్వాత ఏడాదికి ఒకసారైనా శిక్షణ ఇవ్వాలి, ఆరోగ్య పరీక్షలు చేయించాలి. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం కూడా ప్రమాదం ఉన్న చోట పనిచేసే వ్యక్తులందరికీ రక్షణ, శిక్షణ, నివారణ మందులు ఇవ్వాలంటోంది. పర్మనెంటా, కాంట్రాక్టా అన్న తేడా అందులో లేదు. "ఆమె మా మనిషి కాదు, ఏజెన్సీ మనిషి" అన్న జవాబు చెల్లదు.

అదే 2016 నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది. "పెద్ద ప్రమాదం" అంటే ఏమిటో చెబుతూ, సూది పోట్లు దానిలోకి రావని విడిగా రాశారు. వ్యర్థాల లారీ బోల్తా పడితే 24 గంటల్లో రాతపూర్వక నివేదిక పంపాలి. స్వీపరమ్మ చేతిలో సూది దిగితే ఏడాది చివర నివేదికలో ఒక అంకెగా చేరితే చాలు. ఆ నివేదిక ఫారం 4. ప్రతి సంవత్సరం జూన్ 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికి చేరాలి. ఎన్ని ప్రమాదాలు, ఎంతమంది బాధితులు, ఏం చర్య తీసుకున్నారు అనే గడులు అందులో ఉన్నాయి. వార్డులో ఎవరూ రాసుకోని పోటు ఆ గడిలోకి ఎలా చేరుతుంది?

రాయకపోతే నష్టం కాగితంతో ఆగదు. ఆరోగ్య రంగంలో పనివల్ల సోకే అంటువ్యాధులు 1923 ఉద్యోగుల పరిహార చట్టంలోనూ, దాని స్థానంలోకి తెచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. కానీ గుచ్చుకున్న రోజు రాత లేదు, ఆ రోజు చేసిన రక్తపరీక్ష లేదు అంటే, ఏడాది తర్వాత బయటపడిన జబ్బు పనివల్లే వచ్చిందని ఎలా నిరూపిస్తాం? అప్పుడు జనం ఆమె పనిని అనుమానించరు, ఆమె నడవడికను అనుమానిస్తారు. మా పేటల్లో ఆ మాట పడ్డ ఆడమనిషి బతుకు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలో నర్సులు, ఆసుపత్రి కార్మికుల సంఘాలు పోరాడి 2000లో సూది పోట్ల నివారణ చట్టం తెచ్చుకున్నారు. ప్రతి పోటునూ రిజిస్టరులో రాయడం, ఆ మనిషి పేరు బయటపెట్టకపోవడం, సురక్షితమైన సూదుల ఎంపికలో కింది స్థాయి సిబ్బంది అభిప్రాయం అడగడం అక్కడ యజమాని బాధ్యత.

మేము అడిగేవి అంతకన్నా పెద్దవి కావు. ప్రతి వార్డులో సూది పోట్ల రిజిస్టరు ఉండాలి, ఏజెన్సీ మనుషుల పోట్లూ అందులో ఎక్కాలి. చెప్పినందుకు ఎవరి పనీ పోకూడదు. నివారణ మందులు రాత్రిపూట కూడా దొరకాలి. ఏజెన్సీతో ఒప్పందం చేసుకునే ముందు ప్రతి కార్మికురాలి టీకా కార్డు చూడాలి. "పెద్ద ప్రమాదం" నిర్వచనాన్ని కేంద్రం మార్చాలి.

అంతదాకా మన సంఘాలు చేయగల పని ఒకటుంది. మన ఊరి పెద్దాసుపత్రి గత సంవత్సరపు ఫారం 4ను సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. ప్రమాదాల గడిలో సున్నా ఉంటే, ఆ కాగితం పట్టుకుని ఉదయం డ్యూటీ దిగే వేళకు గేటు దగ్గర నిలబడి, బయటికొచ్చే అక్కలను, వదినలను ఈ ఏడాది ఎన్నిసార్లు గుచ్చుకుందని అడుగుదాం. వాళ్లు చెప్పిన లెక్క రాసుకుని సూపరింటెండెంటు బల్ల మీద పెడదాం.